వంద గజాల పరువు

జువ్వలదిన్నె నుంచి బిట్రగుంట రైలుస్టేషనుకు ఏడెనిమిది మైళ్లు. ఆ దారిలో రోజూ తెల్లవారేసరికి ముప్పై నలభైమంది ఆడవాళ్లు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తేవాళ్లు. నెల్లూరు పోయే పాసింజరు బండి ఎవరికోసమూ ఆగదు. చేప అసలే ఆగదు. ఇన్నేళ్లలో ఆ పరుగు చూసి ఆడదాని పరువు పోయిందని ఎవరైనా అన్న దాఖలా లేదు. దారిపక్క పొలాల రైతులు బండి వేళ తెలుసుకోవడానికి తప్ప ఆ పరుగు వైపు తలెత్తి చూసేవాళ్లు కారు. నెత్తిన గంప ఉన్నంతసేపు ఆడదాని పరుగు పని కిందికి వస్తుంది. గంప దించి పరుగెత్తితే బరితెగింపు అవుతుంది. ఈ సూక్ష్మం మస్తానమ్మకు కాలేజీలో చేరేదాకా తెలియదు. పల్లెలో ఇలాంటివి చెప్పేవాళ్లు ఉండరు. అందుకు చదువుకున్నవాళ్లు కావాలి.

మస్తానమ్మ తండ్రి మునెయ్య పడవ మీద బతికాడు, తల్లి చెంచమ్మ గంప కింద బతికింది. పిల్లకు పదేళ్లు నిండగానే తల్లి ఓ చిన్న గంప నెత్తికెత్తి తనకు ముందు నడవమంది. ఆ నడకను పల్లెలో గంపనడక అంటారు. పేరుకు నడక, నిజానికి పరుగే. నడుముకు పైన ఏదీ కదలకూడదు, కింద ఏదీ ఆగకూడదు. గంపలోని చేపనీళ్లు మొహం మీదికి కారాయంటే నడక ఇంకా పట్టుబడలేదని అర్థం.

“తలకాయ నీది కాదనుకోమే,” అనేది చెంచమ్మ. “కాళ్లొకటే నీవి.”

బిట్రగుంటలో గంప తల్లికి అప్పగించి, ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టం దగ్గర మొహమూ చేతులూ కడుక్కుని మస్తానమ్మ బడికి పోయేది. తరగతిలో ఆమె పక్క చోటు ఎప్పుడూ ఖాళీ. ఎంత కడిగినా చేప వాసన పోదు గదా. ఆ ఖాళీలో పుస్తకాలు పరుచుకుని, విశాలంగా చదువుకుని, ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసయింది. ఆ పల్లెలో అంతదాకా చదివిన ఆడపిల్ల అంతకుముందు లేదు. నెల్లూరులో కాలేజీ చదువుకు సంక్షేమ హాస్టల్లో చోటు దొరికిందని కాగితం వస్తే చెంచమ్మ మొగుడి మొహం చూసింది.

“ఏ చేప ఎటు పోతాదో సముద్రానికే తెలవదు. పోనీయే,” అన్నాడు మునెయ్య.

“నువ్వు పోనీ అంటుండావు. నా మోకాళ్లు వద్దంటుండాయి,” అంది చెంచమ్మ. ఇరవై ఏళ్ల గంపనడక ఆమె మోకాళ్లను తినేసింది. “ఒక్క ఏడాది చూస్తామే మస్తానా. వచ్చే ఎండాకాలానికి ఏదన్నా దారి దొరికిందా, సరే. లేదంటే గంప నీది.”

అలా 1960లో మస్తానమ్మ పి.యు.సి.లో చేరింది. కాలేజీ పేరు అనవసరం. ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి దానికి నాలుగేళ్లు. ఆటల ఫీజు మగపిల్లలకు ఎంతో ఆడపిల్లలకూ అంతే. సమానత్వం విషయంలో ఆ కాలేజీని తప్పుపట్టడానికి అక్కడ వీల్లేదు. ఆ తర్వాతే వీలుంది. ఆ ఫీజుతో మగపిల్లలకు క్రికెట్టు బ్యాట్లు, ఫుట్‌బాలు బూట్లు, తిరుపతి పోటీలకు రైలు ప్రయాణం. ఆడపిల్లలకు వాళ్ల గది వెనక రింగు ఆడుకునే చోటు ఒకటి. అక్కడి నెట్టు తాడు మీద అటెండరు భార్య బట్టలు ఆరేసేది. ఆమె మంచి మనిషి, అడిగితే తీసేది. ఏడాదికోసారి జరిగే ఆటలపోటీల్లో ఆడపిల్లలకు మూడు అంశాలు: చెంచాలో నిమ్మకాయ, సూదిలో దారం, కుర్చీలాట. పెళ్లికి ముందు ఆడపిల్లకు కావలసిన వ్యాయామమంతా ఈ మూడింటిలో ఉందని కాలేజీ పెద్దల నమ్మకం.

ఆడపిల్లల గేమ్స్ టీచరు పేరు నవోమి. తెల్లచీర, కాన్వాసు బూట్లు, మెడలో విజిలు. ఆ విజిలు ఊదే అవసరం నాలుగేళ్లలో ఒక్కసారీ రాలేదు. ఓ రోజు పొద్దున కాలేజీ గంట మోగుతుంటే మగపిల్లల మైదానానికి అడ్డంపడి ఒక పిల్ల పరుగెత్తుకొస్తోంది. చంకలో పుస్తకాలు, మెడ నిటారుగా. పందేలకు తయారవుతున్న ఇద్దరు మగపిల్లలను దాటేసిన సంగతి కూడా ఆ పిల్ల గమనించలేదు. నవోమి గమనించి, గుమ్మం దగ్గర ఆపింది.

“గంట కొట్టేసినారు టీచర్, పోతుండా.”

“ఉండమ్మాయ్. ఎవరు నేర్పించినారు నీకీ పరుగు?”

“బిట్రగుంట పాసింజరు, టీచర్.”

సాయంత్రం పిలిచి కూర్చోబెట్టి వివరం చెప్పింది నవోమి. మద్రాసులో వ్యాయామం నేర్పే కాలేజీ ఉంది. అక్కడ ఏడాది చదివితే హైస్కూల్లో డ్రిల్లు టీచరు ఉద్యోగం వస్తుంది.

“పరిగెత్తేదానికి జీతమిస్తారా టీచర్?”

“పరిగెత్తేదానికి కాదు, పరిగెత్తించేదానికి.”

“అయితే ముందు మా యమ్మకియ్యాల.”

సీటుకు ఒక షరతు ఉంది. కాలేజీ పరుగు పందెంలో మొదటి స్థానమో రెండో స్థానమో వచ్చినట్టు కాలేజీవారి సంతకంతో సర్టిఫికెట్టు జతచేయాలి. మే నెలాఖరు గడువు. అది విన్నప్పటినుంచి మస్తానమ్మకు ఎదురుగా రెండే దారులు కనిపించాయి: ఆ కాగితం, లేకపోతే గంప.

చిక్కల్లా, పందెమే లేకపోతే కాగితం ఎక్కడిది?

ఆ చిక్కును విశ్వవిద్యాలయం తెలియకుండానే విప్పింది. కాలేజీకి గ్రాంటు ఇచ్చే ముందు తనిఖీకి వస్తామంటూ ఓ ప్రశ్నావళి పంపింది. “విద్యార్థినులకు పరుగు పందెములు జరుపుచున్నారా?” అన్నది అందులో ఒక ప్రశ్న. కమిటీవాళ్లు ముందు “జరుపుచున్నాము” అని రాసి పంపి, ఆ తర్వాత ఏం జరపాలా అని సమావేశమయ్యారు. కమిటీలకు ఆ వరస కొత్త కాదు. వంద గజాల పరుగు పందెం పెట్టండని నవోమి నిలబడి అడిగింది.

కమిటీలో వెంకయ్య అని పెద్ద రైతు ఉన్నాడు. ఆయన కూతురు వెంకటశేషమ్మ కూడా ఆ కాలేజీలోనే చదువుతోంది. “పరిగెత్తితే ఆయాసం వస్తాది గదమ్మా,” అన్నాడాయన. “పదిమంది మగోళ్ల ముందర ఆడబిడ్డ రొప్పతా నిలబడితే బాగుంటాదా?”

“మీ పొలంలో నాట్లేసేటప్పుడు ఆడవాళ్లు రొప్పరాండీ?”

“వాళ్లు కూలోళ్లు గదమ్మా!”

 అంత గట్టి వాదన కాబట్టి కమిటీ అందరూ తలలూపారు. అయినా గ్రాంటు గ్రాంటే. ఒకే ఒక్క పందెం, ఒకే ఒక్కసారి, వంద గజాలకు మించకుండా జరపడానికి తీర్మానించి, ఆహ్వానపత్రం వేయించే పని కార్యదర్శి సంజీవరావుకు అప్పగించారు.

సంజీవరావు ప్లీడరు. ఆంధ్రరాష్ట్రం వచ్చిన దగ్గరినుంచి కాలేజీ కాగితాలన్నీ, సర్టిఫికెట్లతో సహా, తెలుగులోనే ఉండాలని పట్టుబట్టి సాధించినవాడు. ఆయన తెలుగులో అరసున్న ఒక్కటే తక్కువ. కార్డు రాసి ట్రంకురోడ్డు పక్కసందులో ఉన్న కామాక్షయ్య ప్రెస్సుకు పంపాడు. కామాక్షయ్య పెళ్లికార్డులూ పెద్దకర్మ కార్డులూ వేసేవాడు. ఊళ్లో పరువైన మనిషి ఎవరైనా రెండుసార్లయినా ఆయన చేతిలో పడాల్సిందే. అక్షరాలు ఒక్కొక్కటే ఏరి కూర్చడమూ, అచ్చు అయ్యాక విప్పి వాటి గళ్లలో వేయడమూ ఆయనే చేసేవాడు. ఆ వారం ఏదో పెళ్లికార్డు విప్పుతున్నప్పుడు “గు” ఉండే గడిలో “వు” ఒకటి పడింది.

ప్రూఫు సంజీవరావు దగ్గరికి వచ్చింది. ఆయన మూడుసార్లు చదివాడు. “ఆహ్వానం” కొట్టేసి “ఆహ్వానము” చేశాడు. ఒకచోట కామా తీసేశాడు. ఆడపిల్లల అంశం మీద కూడా ఆయన చూపు నిలిచింది. అక్కడ తప్పేమీ కనిపించలేదు. సంతకం పెట్టాడు. ఐదు వందల కార్డులు అచ్చయి, ముఖ్య అతిథి మొదలుకొని ఊళ్లో పెద్దలందరికీ చేరిపోయాయి.

నవోమి కార్డు పట్టుకుని పరుగున వచ్చింది.

“సార్, ఇది చూడండి. ‘విద్యార్థినుల వంద గజముల పరువు పందెము’ అని పడింది.”

సంజీవరావు కార్డు చూశాడు. తన సంతకం ఉన్న ప్రూఫు తీసి చూశాడు. ముప్పై ఏళ్లు కోర్టులో ఎదుటివాళ్ల సంతకాలు తప్పని వాదించిన మనిషి, తన సంతకం తప్పని ఎలా ఒప్పుకుంటాడు?

“అయితే? నేను రాసిందే అది.”

“పరుగు పందెం గదండీ కమిటీ ఒప్పుకుంది?”

“కమిటీ ఏం ఒప్పుకుందో కార్యదర్శికి తెలియకపోతే గేమ్స్ టీచరుకు తెలుస్తుందా? పరువు పందెం. ఆలోచించేకొద్దీ బాగుందమ్మా. మన సంప్రదాయానికి తగ్గట్టుంది.”

“అందులో పిలకాయలు ఏం చేయాలండీ?”

“అది రేపు చెప్తాను.”

ముందు పేరు అచ్చయి, తర్వాత ఆట పుట్టడం లోకంలో అదొక్కసారే జరిగి ఉంటుంది. మర్నాటికల్లా సంజీవరావు నిబంధనలు తయారుచేశాడు. పోటీదారులు చీర కట్టుకుని, నెత్తిన మెడదాకా నీళ్లు నింపిన ఇత్తడి బిందె పెట్టుకోవాలి. బిందెను చేత్తో పట్టుకోకూడదు. నీళ్లు తొణికినా, పైట జారినా, పక్కచూపు చూసినా, నవ్వినా పోటీ నుంచి తొలగింపు. ఒక్కో పిల్ల పక్కన ఒక్కో పెద్దమనిషి నడుస్తూ ఇవన్నీ కనిపెట్టాలి.

“గెలుపు ఎవరిదండీ?” అంది నవోమి.

“ఇందులో గెలుపోటములు ఏముంటాయమ్మా? అందరిదీ.”

“అందరూ గెలిస్తే పందెం అనరండీ, పెళ్లి ఊరేగింపు అంటారు. తనిఖీవాళ్లు అడిగితే నేనేం చెప్పాల?”

సంజీవరావు ఆలోచించాడు. “సరే. ముందుగా గీత చేరినవారిది.”

“పరిగెత్తకూడదని రాయమంటారా?”

ఈసారి ఇంకా ఎక్కువసేపు ఆలోచించాడు. “వద్దు. బిందె పెట్టుకుని ఎవరమ్మా పరిగెత్తేది? వద్దని రాస్తే, మన పిల్లల్లో ఎవరికో ఆ బుద్ధి ఉందని మనమే చెప్పుకున్నట్టవుతుంది.”

నవోమి బయటికి వచ్చి, విజిలుకు పట్టిన తుప్పు తుడిచింది.

సంగతి విని మస్తానమ్మ నీరుగారిపోయింది. “బిందె మోసేదానికి నెల్లూరు దాకా రావాల్నా టీచర్?”

“ముందు చేరినోళ్లది గెలుపని రాయించినా. మిగతాది నీ గంపనడక.”

“సర్టిఫికెట్టులో పరుగని ఉండాల గదా?”

“ముందు గెలువు. అక్షరం సంగతి తర్వాత చూస్తాం.”

ఫిబ్రవరిలో ఆటలపోటీలు. పొద్దున ఏడింటికి మొదలైన మగపిల్లల పందేలు మధ్యాహ్నం మూడింటికి ముగిశాయి. ప్రసంగాలకూ టీకీ నడుమ ఆడపిల్లలకు పది నిమిషాలు దొరికింది. ఆరుగురు బిందెలతో గీత దగ్గర నిలబడ్డారు. వెంకయ్య కూతురు వెంకటశేషమ్మ బిందె కింద చుట్టకుదురు ఎట్లా పెట్టుకోవాలో తెలియక దిక్కులు చూస్తోంది.

“మా ఇంట్లో నీళ్లు మోసేది పనామె, టీచర్. నాకు రాదు.”

పెద్దింటి పరువంతా పనిమనిషి నెత్తిన ఉంటుందన్న సంగతి కమిటీ తట్టుకోవలసిన మొదటి దెబ్బ. మస్తానమ్మ ఆమె నెత్తిన కుదురు సర్దింది. తర్వాత తన బిందె ఎత్తుకుంది. ఆమె పక్కన కనిపెట్టే పెద్దమనిషిగా సంజీవరావు స్వయంగా నిలబడ్డాడు. ఆరుగురిలో పరువు విషయంలో నమ్మదగని పిల్ల ఆ పల్లెపిల్లే అని ఆయన అభిప్రాయం.

తాడు అవతల నుంచి మగపిల్లలు అందుకున్నారు.

“చేపలెట్టా ఇస్తావుమే?”

“గంపేదే మస్తానమ్మా? బిట్రగుంటలో మర్చిపోయినావా?”

మస్తానమ్మ నవ్వలేదు. పక్కకు చూడలేదు. రెండూ నిబంధనలకు విరుద్ధం.

నాలుగేళ్ల తర్వాత నవోమి విజిలు ఊదింది. పదో గజంలో వెంకటశేషమ్మ బిందె ఆమె మీదే ఒలికింది. అది చూసి పక్కపిల్ల నవ్వి తొలగింపు అయింది. మిగతా ముగ్గురూ పెళ్లికూతుళ్లలా అడుగులో అడుగు వేస్తున్నారు. మస్తానమ్మ తలకాయను లోకానికి వదిలేసింది. కాళ్లు తీసుకుంది. నడుముకు పైన చూస్తే నిలబడి ఉన్నట్టుంది, కింద చూస్తే పాసింజరు బండి కూత విన్నట్టుంది. తాడు అవతల ఈలలు ముందు పెరిగాయి, తర్వాత ఆగిపోయాయి.

సంజీవరావు మొదట పక్కన నడిచాడు. తర్వాత వడిగా నడిచాడు. తర్వాత, కనిపెట్టడం బాధ్యత కాబట్టి, పరుగెత్తాడు. ముప్పయ్యో గజంలో కండువా పోయింది. యాభయ్యో గజంలో ఒక చెప్పు పోయింది. డెబ్బయ్యో గజం దగ్గర కుచ్చెళ్లు ఊడాయి. ఆ వంద గజాల్లో పైట ఒక్కటీ జారలేదు. జారింది పంచె.

నవోమి చేతిలో గడియారం పద్దెనిమిది సెకండ్లు చూపించింది.

“పరుగు! ఇది పరుగు! చెల్లదు!” ఒక చేత్తో పంచె పట్టుకుని, పదిమంది ముందు బాగా రొప్పుతూ అరిచాడు సంజీవరావు.

“పరిగెత్తకూడదని రాయలేదు గదండీ,” అంది నవోమి. “మీరే వద్దన్నారు.”

బిందె దించి చూశారు. నీళ్లు మెడదాకా ఉన్నాయి. ఆ అరుపులకు ముఖ్య అతిథి నిద్రలేచి చప్పట్లు కొట్టాడు. ముఖ్య అతిథి కొట్టాక కమిటీ కొట్టకపోతే బాగుండదు. మగపిల్లల వంద గజాలు గెలిచినవాడికి వెండి పూత కప్పు ఇచ్చారు. మస్తానమ్మకు కుంకుమభరిణె ఇచ్చారు. దానితోపాటు సర్టిఫికెట్టు: “విద్యార్థినుల వంద గజముల పరువు పందెములో ప్రథమ స్థానము.”

ఆ కాగితంతో మద్రాసు పోతే పరువుకు సీటు ఇవ్వరు. మార్చిలో మస్తానమ్మ సంజీవరావు ఇంటి వసారాలో నిలబడింది.

“పరుగు అని రాసియ్యండి సార్.”

“మా కాలేజీలో ఆడపిల్లలు పరుగెత్తలేదమ్మా. అబద్ధం రాయమంటావా?”

“మైదానంలో మీరే అన్నారు గద సార్, ఇది పరుగు అని.”

“ఆవేశంలో అన్న మాట సాక్ష్యానికి పనికిరాదు.”

శనివారం ఊరికి పోయి తల్లికి చెప్పింది. చెంచమ్మ మోకాళ్లకు వేడినీళ్ల గుడ్డ వేసుకుంటూ ఓపిగ్గా విన్నది. చివరికి, “పరువంటారు, పరుగంటారు, ఏందోమే. నాకు తెలిసింది బరువొకటే,” అంది. గుడ్డ మళ్లీ వేడినీళ్లలో ముంచుతూ, “ఎండలు ముదురుతుండాయి,” అని మాత్రం అంది. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

నెల్లూరు తిరిగి వచ్చాక నవోమి ఆమెను వెంటబెట్టుకుని కామాక్షయ్య ప్రెస్సుకు పోయింది. సర్టిఫికెట్టు మీది మాట చదివి కామాక్షయ్య కళ్లద్దాలు తీసేశాడు. కార్డు అచ్చువేసి పంపాక మళ్లీ దాని మొహం చూడలేదాయన. సర్టిఫికెట్టు సంజీవరావు కార్డు చూసి చేత్తో రాయించినది.

“ఇది నా చేతి తప్పు తల్లీ. గు గడిలో వు పడుంటాది,” అన్నాడు. “ఓ తూరి పెళ్లికొడుకు పేరుండే చోట మామ పేరేసినా. ఆ పెళ్లి కూడా ఆగలా. నా తప్పుకు ఆగింది ఇదొకటే.”

అచ్చుతప్పు చేసినవాడు సవరణ చీటీ వేసి ఇవ్వడం ఆ వృత్తిలో మర్యాద. కామాక్షయ్య లేచి, అక్షరాలు ఏరి, రెండు వేళ్ల వెడల్పు చీటీలు అక్కడికక్కడే వేసి ఇచ్చాడు.

తప్పు: పరువు
ఒప్పు: పరుగు

“అచ్చు వరకే నాది. వేయించుకున్న ఆయన సంతకం లేందే ఇది చెల్లదమ్మా,” అన్నాడు.

మస్తానమ్మ ఒక్కతే వెళ్లింది. ఏప్రిల్ నెల, శుక్రవారం సాయంత్రం. సోమవారం తనిఖీ. వసారా నిండా ఫైళ్లు పరుచుకుని ఉన్నాడు సంజీవరావు. చీటీ చదివేసరికి మొహం జేవురించింది.

“తప్పు పరువా? ఒప్పు పరుగా? దీని కింద నేను సంతకం పెట్టాలా? ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా నేను?”

“మీరు తలెత్తుకునే తిరగండి సార్. సోమవారం తనిఖీవాళ్లు వచ్చి, ఆడపిలకాయల పరుగు పందెం అన్నారే, కాగితం చూపించండి అంటారు. మీ దగ్గరుండేది పరువు పందెం కార్డు. పరువుకు గ్రాంటు ఇస్తారేమో అడగండి.”

సంజీవరావు ఫైళ్లలోంచి విశ్వవిద్యాలయం ప్రశ్నావళి వెతికి తీసి, ఆ ప్రశ్న మళ్లీ చదివాడు.

“ఎవరు నేర్పారమ్మా ఈ మాటలు నీకు? ఆ టీచరమ్మేనా?”

“ఎవురూ నేర్పలా సార్. చేపలమ్ముకునేవాళ్లం. బేరం వచ్చు.”

ఆయన కలం తీశాడు. చీటీలు రెండింటి కింద సంతకం పెట్టి, కాలేజీ ముద్ర వేశాడు. ఒకటి మస్తానమ్మకు, ఒకటి ఫైలుకు. ఫైలుకు పోయిన చీటీ వృథా కాలేదు. తనిఖీ దాటింది, గ్రాంటు వచ్చింది. కొన్నేళ్ల తర్వాత కాలేజీ సంచికలో సంజీవరావు ఫోటో వేసి, “మహిళా క్రీడలకు ఆద్యులు” అని కింద రాశారు. ఆ ఫోటోలో ఆయన కండువా, పంచె, చెప్పులు అన్నీ వాటి స్థానాల్లో ఉన్నాయి.

మస్తానమ్మ చీటీని మైదాపిండి జిగురుతో సర్టిఫికెట్టుకు అంటించి, మే నెలలో నవోమితో కలిసి మద్రాసు వెళ్లింది. అక్కడి గుమస్తా అరవ మనిషి. తెలుగు అక్షరం ముక్క రాదు. కాగితం అటూ ఇటూ తిప్పి, అంటించిన చీటీని గోటితో గీకి చూసి, ఇదేమిటని సైగ చేశాడు. “అచ్చుతప్పు సార్,” అంది మస్తానమ్మ. గుమస్తాకు అదీ అర్థం కాలేదు. గుండ్రటి ముద్ర ఒకటి కనిపించింది. తృప్తిపడి మైదానం వైపు చెయ్యి చూపించాడు. ఒక ప్లీడరూ, ఒక కమిటీ, ఒక ప్రెస్సూ మూడు నెలలు పోట్లాడిన అక్షరం కథ అంతటితో సరి.

మైదానంలో సీట్లకు ఎంపిక పందెం, పదహారుమంది ఆడపిల్లలు. నెత్తిన ఏమీ లేకుండా పందెం పరుగెత్తడం మస్తానమ్మకు అదే మొదలు. మొదటి ఇరవై గజాలు మెడ దానంతట అదే బిగుసుకుని, లేని బిందెను మోసింది. ఆ తర్వాత వదిలేసింది. రెండో స్థానం వచ్చింది. సీటుకు అది చాలు. మరుసటి ఏడాది సూళ్లూరుపేటలో డ్రిల్లు టీచరుగా చేరింది. అక్కడ ఉన్నన్నాళ్లూ ఆటలపోటీల కార్డు ప్రూఫు ఇంకొకరిని చూడనివ్వలేదు.

సీటు వచ్చిన రోజునే ఆ సంగతి ఆమె బిట్రగుంట స్టేషను పార్సిలు గుమస్తా పేర ఉత్తరం రాసింది. పల్లెలో చదివి చెప్పేవాళ్లు లేరు. పొద్దున గంప దించుకుని ఊపిరి తీసుకుంటున్న చెంచమ్మను పిలిచి ఆయన చదివి వినిపించాడు.

“నీ కూతురికి సీటు వచ్చిందమ్మా. పరుగెత్తడం, ఆటలు అన్నీ నేర్పిస్తారంట. ఏడాది చదువు.”

“పరిగెత్తేదానికి ఏడాది చదవాల్నా?” చెంచమ్మ నోరు నొక్కుకుంది. “ఇరవై ఏళ్లుగా పరిగెత్తుతుండా, నాకో చీటీ అయినా ఇచ్చినారా నాయనా ఎవరన్నా?”

“ఇంక నీ గంప ఎవరు మోస్తారు మరి?”

“ఎవరు మోస్తారు, నేనే. ఆ బిడ్డ నెత్తిన దిగింది, చాల్లే.” ఆమె గంప మీదికి వంగింది. “ఓ చెయ్యేసి ఎత్తు నాయనా. బండి కదలతాంది.”

ఆయన అటూ ఇటూ చూసి, చెయ్యి వేశాడు. చెంచమ్మ అరిగిన మోకాళ్లతో ప్లాట్‌ఫారం పొడుగునా పరుగెత్తి చివరి పెట్టె అందుకుంది. గంపలోంచి ఒక్క చుక్క కిందపడలేదు. అది పరుగా, పరువా అని అక్కడ ఎవరూ తీర్మానం చేయలేదు. విజిలు ఊదింది గార్డు ఒక్కడే.